‘మా తెలుగు తల్లికి’ పాటకు ఒక అధికారిక పాఠం ఇవ్వండి: శ్రీకాకుళం జిల్లా నుంచి బహిరంగ లేఖ

రాష్ట్రంలో పాఠశాల విద్య, భాషా సాంస్కృతిక వ్యవహారాలు చూస్తున్న అధికారులకు, శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో 31 ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. నేనూ, నాతో పనిచేసిన మరికొందరు మాస్టర్లూ కలిసి ఇదే విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాం. ఒకటి స్వయంగా చేతికిచ్చాం. ఒకటి సోమవారం గ్రీవెన్స్‌లో వరసలో నిలబడి ఇచ్చాం. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. రెండోదానికి మాత్రం ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్తే, ఆ సీట్లో అప్పటికి కొత్తాయన ఉన్నారు. మా కాగితం ఆయన కంటపడనే లేదు. ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. ఎవరినీ రచ్చకీడ్చాలని మాకు లేదు. మూడు అర్జీలకీ జవాబు లేదు కాబట్టే నాలుగోది అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఈ లేఖకు కారణమైన సంగతి చెప్పాలి.

తెలుగు భాషా దినోత్సవానికి మా దగ్గర మండల స్థాయిలో పాటల పోటీ పెట్టారు. అందరూ ‘మా తెలుగు తల్లికి’ పాడాలి. వంశధార గట్టున ఉన్న ఒక పల్లె నుంచి ఎనిమిదో తరగతి గుంట ఒకతె వచ్చింది. చెప్పులు స్టేజీ మెట్ల కింద విడిచి, మైకు అందక మునివేళ్ల మీద నిలబడి, కళ్లు మూసుకుని ఎత్తుకుంది. గోదారి, కృష్ణమ్మ ఉన్న చరణం అయిపోయింది. అమరావతి శిల్పాల దగ్గరకు వచ్చిందో లేదో గంట కొట్టేశారు. పిల్ల కళ్లు తెరిచి చూసింది. ‘పాట అయిపోయింది కదమ్మా, ఇంకా ఏటి పాడుతున్నావు?’ అన్నారు న్యాయనిర్ణేతల్లో ఒకరు. వాళ్ల చేతిలో ఉన్న జిరాక్స్ కాగితంలో పాట నదుల దగ్గరే ఆగిపోయింది. దాని ప్రకారం త్యాగయ్య, తిక్కన, రుద్రమ్మ, కృష్ణరాయలు అందరూ అదనం. అక్కడికే ఆపిన అబ్బాయికి మొదటి బహుమతి వచ్చింది. ఆ అబ్బాయి బాగానే పాడాడు, వాడి తప్పేమీ లేదు. న్యాయనిర్ణేతలదీ తప్పనలేను. వాళ్లకు అందిన కాగితమే అలా ఉంది.

పోటీ అయ్యాక ఆ పిల్ల నా దగ్గరకొచ్చి అడిగింది: ‘మాస్టారూ, ఏ పాట నిజమైంది? మా మామ్మ నేర్పిందా, ఆళ్ల కాగితంలో ఉన్నదా?’

మామ్మ నేర్పిందే నిజమని చెప్పాను. ‘మరి ఆళ్లకి చూపించండి’ అంది. చూపించడానికి ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఒక్కటీ నా దగ్గర లేదు. 31 ఏళ్లు రోజూ పొద్దున్న ప్రార్థనలో పాడించిన పాటకు పిల్లముందు పెట్టడానికి ఒక ఆధారం లేకపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఈ పాట ఎలా వచ్చిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. శంకరంబాడి సుందరాచారి గారు 1914లో తిరుచానూరులో పుట్టారు. తిరుపతిలో హోటల్ సర్వరుగా, రైల్వే స్టేషన్లో కూలీగా, ఆంధ్రపత్రికలో ప్రూఫ్ రీడరుగా పనిచేశారు. తర్వాత పాఠశాలల పర్యవేక్షకుడిగానూ చేశారు. అంటే ఆయన మన శాఖ మనిషే. 1942లో ‘దీనబంధు’ అనే సినిమా కోసం ఈ పాట రాస్తే, సినిమావాళ్లు దాన్ని వాడుకోలేదు. తర్వాత గ్రామఫోను కంపెనీ విడిగా రికార్డు చేసింది. పాడింది టంగుటూరి సూర్యకుమారి, ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు. అక్కడి నుంచి ఆ పాట ఊరూరా తిరిగింది.

1942 నాటికి మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకా 11 ఏళ్లుంది. ఈ పాటను ఏ ప్రభుత్వమూ చెప్పి రాయించలేదు. ముందు జనం ఎత్తుకున్నారు, తర్వాత ప్రభుత్వాలు ఎత్తుకున్నాయి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు, 2014లో విభజన, ఇన్నింటినీ దాటుకుని ఇవాళ్టికీ మన రాష్ట్ర గీతంగా నిలిచింది. సుందరాచారి గారు 1977 ఏప్రిల్ 8న కన్నుమూశారు.

మన చుట్టూ ఉన్న రాష్ట్రాలు ఏం చేశాయో చూడండి. కర్ణాటక 2004లో కువెంపు గారి గేయాన్ని రాష్ట్ర గీతం చేసుకుంది. ఏ బాణీలో పాడాలన్నది ఏళ్ల తరబడి నలిగితే, 2022లో మైసూరు అనంతస్వామి బాణీని ఖాయం చేసి, పాడే సమయం 2 నిమిషాల 30 సెకన్లు అని తేల్చేసింది. తెలంగాణ 2024 జూన్ 2న అందెశ్రీ గారి గేయాన్ని రాష్ట్ర గీతంగా వెలువరించినప్పుడు, పూర్తి పాటా, సభల్లో పాడుకోవడానికి రెండున్నర నిమిషాల పాటా రెండూ ఇచ్చింది. ఒడిశా 2020 జూన్‌లో కాంతకవి లక్ష్మీకాంత మహాపాత్ర గీతానికి రాష్ట్ర గీతం హోదా ఇచ్చింది. మా ఇచ్ఛాపురం వాళ్లకు ఒడిశా అంటే బస్సెక్కి టికెట్ తీసేలోపు వచ్చేసే చోటు. ‘ఆళ్లది అంత పక్కాగా ఉంటే మనదేటి ఇలాగుంది?’ అని అక్కడి మాస్టర్లే నన్ను అడుగుతారు. తమిళనాడు సంగతి కింద చెబుతాను, అది ఇంకా ముఖ్యం.

ఇక మా గోడు, మేం కోరేవి:

1. పూర్తి పాఠం గురించి. మా జిల్లాలో ఒక బడిలో పాట నదుల దగ్గర ఆగుతుంది, ఇంకో బడిలో మధ్యలో రెండు పాదాలు ఎగిరిపోయి ‘జై తెలుగు తల్లి’కి వచ్చేస్తుంది, మరో బడిలో మొత్తం పాడతారు. ‘నిలచి’ అని ఒకచోట, ‘నిలిచి’ అని ఇంకోచోట. ప్రైవేటు బడి నుంచి సర్కారు బడికి మారిన పిల్లాడు ప్రార్థనలో పెదవులు కదిపి ఊరుకుంటాడు. తనకు వచ్చిన పాట తప్పేమోనని వాడి భయం. పోటీల్లో పిల్లలు మార్కులు పోగొట్టుకుంటున్నారు. అక్షరం పొల్లుపోకుండా ఒక పాఠం అచ్చువేసి, కింద సంతకంతో ప్రతి బడికీ పంపండి. బడిలో ప్రార్థనకు ఐదు నిమిషాలే ఉంటాయని మాకూ తెలుసు. చిన్న పాట కావాలంటే ఏ పాదాలు ఉంచాలో మీరే తేల్చి, ‘ఇది సంక్షిప్త పాఠం’ అని దానిమీదే రాయండి. అప్పుడు పూర్తిగా పాడిన పిల్లకు ఎవరూ గంట కొట్టరు.

2. లేచి నిలబడాలా, అక్కర్లేదా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక గ్రామసభలో పాట మొదలవగానే సగంమంది లేచారు, సగంమంది కూర్చునే ఉన్నారు. ముందు వరసలో డ్వాక్రా మహిళలతో వచ్చిన ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో లేవలేకపోయింది. వెనకనుంచి ఒక కుర్రాడు ‘తెలుగు తల్లంటే గౌరవం నేదేటి?’ అని గదమాయించాడు. ఆవిడ పక్కనున్న మనిషి భుజం పట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడింది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూశాను. అదే నెలలో జరిగిన మరో సభలో, పాట వస్తున్నంతసేపూ వేదిక మీది పెద్దలే కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. వాళ్లనెవరూ అడగలేదు.

తమిళనాట 2018లో ఒక సభలో తమిళ తల్లి స్తుతి గీతం ‘తమిళ్‌తాయ్ వాళ్త్తు’ పాడుతున్నప్పుడు ఒక పీఠాధిపతి కూర్చునే ఉన్నారని పెద్ద గొడవైంది. నిలబడి తీరాలని ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేదని 2021 డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆ నెలలోనే అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అది రాష్ట్ర గీతం, 55 సెకన్లలో పాడాలి, అందరూ నిలబడాలి, దివ్యాంగులకు మినహాయింపు అని స్పష్టంగా రాసింది. అది 1891 నాటి రచన, సభల మొదట పాడుకోవాలని ప్రభుత్వం 1970లోనే చెప్పింది. అంత పాత ఆచారానికే కోర్టు దాకా వెళ్లాక రాతపూర్వకంగా నియమాలు పెట్టాల్సి వచ్చింది. మనకు ఆ గతి పట్టేదాకా ఆగొద్దు. ఎప్పుడు పాడాలి, సభ మొదట్లోనా చివర్లోనా, ఎవరికి మినహాయింపు, ఇవి ఒక్క పేజీలో ఇవ్వండి. వృద్ధులు, గర్భిణులు, దివ్యాంగుల పేరు అందులో తప్పకుండా ఉండాలి.

3. కవి పేరు. ఒక ఉన్నత పాఠశాల ప్రహరీ గోడమీద ఈ పాట నీలం రంగుతో అందంగా రాయించారు. కింద ఎర్ర అక్షరాల్లో ‘దాత’ అని, ఆ రంగుకు డబ్బిచ్చిన పెద్దమనిషి పేరు పాట అక్షరాలకు రెట్టింపు సైజులో ఉంది. సుందరాచారి గారి పేరు ఎక్కడా లేదు. దాత మంచిపనే చేశాడు, ఆయన పేరు ఉండొద్దని నేననను. కానీ ఆ గోడ చూసిన ఐదో తరగతి పిల్లలు ఆ పాట దాతే రాశాడనుకుంటున్నారు. నేను అడిగితే ముగ్గురు అదే జవాబు చెప్పారు.

ఇలాంటిది ఇంతకుముందూ జరిగింది, అదీ మన ప్రాంతంలోనే. ‘భారతదేశం నా మాతృభూమి’ అని దేశమంతా చదివే ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాశారు. అప్పటి విద్యామంత్రి మన విజయనగరం పి.వి.జి. రాజు గారు దాన్ని బడుల్లోకి తెచ్చారు. 1963లో విశాఖలో ఒక బడి పిల్లలు చదివారు, 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదివింది. రాసిన మనిషి పేరు మాత్రం దశాబ్దాలపాటు పుస్తకంలో ఎక్కలేదు. 1988లో ఆయన పోయారు. ఆ పేరు ఎంతోమంది పట్టుబట్టి అడిగాక గాని పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. రాష్ట్ర గీతం రాసి ఉన్న ప్రతి గోడమీదా, ప్రతి ఫ్లెక్సీమీదా ‘రచన: శంకరంబాడి సుందరాచారి’ అనే మూడు మాటలు ఉండాలని ఆదేశం ఇవ్వండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. గోడకు చెంబెడు రంగు కూడా పట్టదు.

4. అర్థం చెప్పే పుస్తకం లేదు. పాటలో మల్లమ్మ పేరు వస్తుంది. ఆవిడ ఎవరని పిల్లలు అడుగుతారు. బొబ్బిలి వైపు పిల్లలకైతే అనుమానమే లేదు, 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధంలో కోటలో ప్రాణాలు వదిలిన రాణి మల్లమ్మదేవే. శ్రీశైల మల్లన్న భక్తురాలు హేమారెడ్డి మల్లమ్మ అని చెప్పే మాస్టర్లూ ఉన్నారు. ఒకే బడిలో ఇద్దరు మాస్టర్లు రెండు రకాలుగా చెప్పడం నేను విన్నాను. తిమ్మరుసు ఎవరు, త్యాగయ్య ఎక్కడివాడు, అమరావతి శిల్పాల విశేషమేమిటి, ఇవేవీ తెలియకుండానే పిల్లాడు పదేళ్లు ఆ పాట పాడి పదో తరగతి పాసైపోతున్నాడు.

ఇంకో సంగతి, మా వైపు పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది: ‘మాస్టారూ, పాటలో మన వంశధార నేదేటి?’ నాగావళి లేదు, చంపావతి లేదు. పాటలో ఈ నదుల పేర్లు కలపాలని కొందరు మిత్రులు అంటారు. నాకది సమ్మతం కాదు. కవి రాసిన మాట మీద మన చెయ్యి పడకూడదు. తిరుచానూరులో పుట్టిన మనిషి తన స్వర్ణముఖినే పాటలో పెట్టుకోలేదు, గోదారినీ కృష్ణనూ పెట్టాడు. ఆ సంగతి చెబితే పిల్లలు ఇట్టే అర్థం చేసుకుంటారు. కానీ చెప్పడానికి మాస్టరు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. పదహారు పేజీల చిన్న పుస్తకం వేయండి. పాట, దాని చరిత్ర, ప్రతి పేరుకూ వివరణ, కవి జీవితం. చివర్లో మా జిల్లాలకు ఒక పేజీ వదలండి, మా నదుల గురించి మేమే రాసిస్తాం.

ఆ పుస్తకం ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా మాట్లాడే పిల్లలకూ, సీతంపేట కొండల్లో సవర పిల్లలకూ వాళ్ల భాషలో అర్థంతో అందాలి. వాళ్లూ రోజూ ఈ పాటే పాడుతున్నారు. ఇంట్లో వేరే తల్లిభాష ఉన్న పిల్లకు ‘మా తెలుగు తల్లి’ అంటే ఏమిటో మెల్లగా, ప్రేమగా చెప్పాలి. ఆ పిల్ల భాషకూ ఆ బడిలో చోటుందని చెప్పాలి. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆ రోజు మైకు పెట్టి ఊరేగిస్తే సరిపోదు, ఆయన చేసిన పని కొంతైనా చెయ్యాలి.

5. బాణీ, శిక్షణ. చాలా బడుల్లో ఇప్పుడు పిల్లలు పాడడం లేదు. హెచ్‌ఎం గారి ఫోన్‌లో యూట్యూబ్ పెట్టి, ఫోన్‌ను మైకు దగ్గర పట్టుకుంటారు. మధ్యలో ఏదో ప్రకటన వస్తుంది, ఎవరో ఫోన్ చేస్తారు, పాట ఆగిపోతుంది, పిల్లలు నవ్వుతారు. మాస్టర్లను తప్పుపట్టను. సంగీతం మాస్టరు లేని బడిలో ఎవరు శ్రుతి పట్టాలి? ఏ బాణీ అంటే ఏం చెప్పాలి?

దీనికి పరిష్కారం మన ఇంట్లోనే ఉంది. విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల అక్కడ పాఠం నేర్చుకున్నారు. ఈ పాటకు స్వరం రాసి, పిల్లల గొంతుకు సరిపోయే శ్రుతిలో పాడించి, వాద్యాలతో ఒకటి, వాద్యాలు లేకుండా ఒకటి రికార్డు చేసే పని ఆ కళాశాలకు అప్పగించండి. సెలవుల్లో మూడు జిల్లాల నుంచీ మండలానికి ఇద్దరు మాస్టర్లను పిలిచి రెండు రోజులు నేర్పించండి. వాళ్లు తక్కిన బడులకు నేర్పుతారు. అక్కడ చదువుకుని పనిలేక ఉన్న కుర్రాళ్లు పెళ్లిళ్లలో వాయించుకుంటూ బతుకుతున్నారు. శిక్షణ ఇచ్చే పని వాళ్లకూ ఇవ్వండి, నాలుగు రూపాయలు చేతిలో పడతాయి.

6. గురజాడ, గరిమెళ్ల. రాష్ట్ర గీతం పక్కన మా ప్రాంతపు పాటలకూ వారానికి ఒకరోజు ప్రార్థనలో చోటివ్వండి. గురజాడ ‘దేశభక్తి’ గీతం విజయనగరంలో పుట్టింది. మా జిల్లావాడైన గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద పాట కట్టినందుకు జైలుకెళ్లాడు, 1952లో పేదరికంలో పోయాడు. ఆయన పుట్టిన జిల్లాలోనే ఆయన పాట వచ్చిన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఏ బడికైనా వెళ్లి అడిగి చూడండి.

వీటిలో ఒక్కటీ కోట్లతో ముడిపడిన పని కాదు. మొదటి మూడింటికి ఒక ఉత్తర్వు చాలు. నాలుగో దానికి అచ్చు ఖర్చు. ఐదో దానికి రెండు రోజుల భోజనాలు, దారి ఖర్చులు, నేర్పినవాళ్లకు గౌరవ వేతనం. వచ్చే ఆగస్టు 29 నాటికి కనీసం అధికారిక పాఠం, నిలబడే నియమాలు బడులకు చేరాలని మా డిమాండు. చేరకపోతే ఆ రోజు మేం, మూడు జిల్లాల రిటైర్డ్ తెలుగు మాస్టర్లం, కలెక్టరేట్ల ముందు నిలబడి పాటను మొదటినుంచి చివరిదాకా పాడతాం. నినాదాలుండవు, ట్రాఫిక్ ఆపం. పాడి, అర్జీ ఇచ్చి, ఇళ్లకు వెళ్తాం. మరుసటి సోమవారం మళ్లీ వస్తాం.

ఈసారి జవాబు నాకు పంపనక్కర్లేదు. ఆ పోటీ జరిగిన మండలంలోని బడులన్నిటికీ పూర్తి పాఠం, కింద మీ సంతకంతో పంపండి. వంశధార గట్టున ఉన్న ఆ బడిలో నోటీసు బోర్డు ఆ పిల్ల ఎత్తుకు అందేలాగే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
శ్రీకాకుళం జిల్లా